నాలుగో నకలు

కాశీబుగ్గలో ఫొటో స్టూడియో అంటే
ఊరి పెళ్ళిళ్ళన్నీ ఒక్కడి దగ్గర తాకట్టుండటం.
పద్నాలుగేళ్ళు నవ్వమన్నాను, నవ్వారు.
ఆ నవ్వులన్నీ ఒక నల్ల డిస్కులో పోసి
బల్ల సొరుగులో, అగరొత్తుల పక్కన పెట్టాను.
దేవుడు చూసుకుంటాడనుకున్నానేమో.

తుఫాను రాత్రి రేకు లేచిపోయింది.
తెల్లారి సొరుగు లాగితే నీళ్ళు,
నీళ్ళలో తేలుతూ అగరొత్తుల అట్టపెట్టె.
డిస్కుని ఎండబెట్టాను, బియ్యంలో పూడ్చాను.
కరెంటొచ్చిన రోజు గుచ్చి చూస్తే
టిక్కు... టిక్కు...
గడియ పడిన తలుపు వెనక ఎవరో
గోటితో కొడుతున్నట్టు.

ఆ నెలంతా జనం.
తడిసి అతుక్కుపోయిన ఆల్బమ్‌లు సంచుల్లో తెచ్చి
"నీ కాడుంటాది గదా బాబూ" అన్నారు.
లోలాక్షి అందరి తర్వాత వచ్చింది.
జీడిపిక్కల రసం తినేసిన వేళ్ళు,
రేషను మిషనుకి ఆనని వేళ్ళు బల్ల మీద పెట్టి
"నా పెళ్ళి ఫొటోలు నాకొద్దు.
ఓ మూల మా తమ్ముడుంటాడు. ఆడొక్కడూ సాలు."
వాడు ముందటేడు వేటకెళ్ళి రాలేదు.
చెప్పలేక, డిస్కు చేతికిచ్చాను.
చెవి దగ్గర పెట్టుకుని
చాలాసేపు వింది.

శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్.
కొట్టు కుర్రాడు చిన్న పెట్టె దించాడు.
ఇంటి వైఫైకి కలిపితే ఏ గదిలోంచైనా అందుతుందట,
లోపల రెండు డిస్కులట,
ఒకటి రాసిందే రెండోదీ రాస్తుందట.
ఒకటి పోయినా ఒకటుంటుంది సార్.
"నేను పొరపాటున చెరిపితే?"
రెండోదీ చెరుపుతుంది.
"పెట్టెలోకే నీళ్ళొస్తే?"
కుర్రాడు తల గోక్కున్నాడు.
అంటే అది అద్దం.
అద్దంలో నా బొమ్మ ఉంది కదా అని
నేను చావకుండా పోతానా?

అయినా కొన్నాను. ముప్పై ఒక్క వేలు.
"అన్నం పెడతాదేటి?" అంది మా ఆవిడ.
ఇన్వర్టరు కూడా కావాలని
ఆ పూట చెప్పలేదు.

మనిషెత్తు కన్నా పైన గోడకి బల్ల కొట్టించి పెట్టెను ఎక్కించాను.
ఊళ్ళో ఎప్పుడో పంచిన సీడీలు, పెన్‌డ్రైవులు
ఇంటింటికీ తిరిగి అడుక్కుని నింపాను.
ఇక విడి డిస్కు ఒకటి.
నెలకోసారి దానికి తువ్వాలు చుట్టి, టిఫిన్ క్యారియర్లో పెట్టి,
పలాసలో పాసింజరెక్కి
విజయనగరం, నా దగ్గర పని నేర్చిన తవిటినాయుడింటికి.
సముద్రం అంత దూరం నడవదు.
కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటాను.
వాడి పెళ్ళాం ప్రతిసారీ "కూరేటండీ?" అంటుంది.
"మూడొందల పెళ్ళిళ్ళమ్మా, మూత తియ్యకు."

తాళం మాట పంచాంగం అట్ట లోపల రాశాను,
నేను లేకపోతే ఎక్కడ వెతకాలో ఇంట్లో చెప్పాను.
అక్కడితో అయిపోలేదు.
ప్రతి ఒకటో తారీఖున కళ్ళు మూసుకుని
ఏదో ఒక ఫోల్డరు మీద వేలు పెడతాను, వెనక్కి రప్పిస్తాను.
తిరిగొస్తేనే దాచినట్టు.
రాకపోతే పాతిపెట్టినట్టు.

అలాగే దొరికింది మొన్న.
ఎవరిదో గృహప్రవేశం. వెనకాల,
తల మీద నాలుగు కుర్చీలు మోస్తూ, సగం తిరిగి, ఒక కుర్రాడు.
కదిలిపోయిన బొమ్మ. పళ్ళు మాత్రం స్పష్టం.

లోలాక్షి ఏడవలేదు.
"ఇది ఎన్ని సోట్ల దాసినావు?"
మూడు, అన్నాను. కంప్యూటర్లో, గోడ మీద, విజయనగరంలో.
నల్లటి వేళ్ళు మూడు మడిచింది.
నాలుగోది కాసేపు అలా నిలబెట్టే ఉంచి
నా చేతిలో ఫొటో తీసుకుంది.
"ఇది నా కాడుంటాది.
మళ్ళా గాలొచ్చి నీదంతా తడిసిపోతే
నా కాడికి రా బాబూ."